జాకెట్టు ముక్కల తొడుగులు

ప్రతి ఆదివారం మొదటి గంట కొట్టకముందే సువార్తమ్మ చర్చికి వచ్చి ఆడవాళ్ళ వైపు చాపలు పరిచేది. గోడవారగా, కిటికీ పక్కన తన చోటు. మండపేట దగ్గరి మా ఊళ్ళో పదిహేనేళ్ళుగా జాకెట్లు కుట్టేది. మిగిలిన ముక్కలు కలిపి సంఘంలో అందరి బైబిళ్ళకూ తొడుగులు కుట్టి ఊరికే ఇచ్చేది. మా అమ్మ బైబిలుది ఊదారంగు మీద పసుపు చుక్కలు.

పుట్టినప్పుడు ఆమెకు మగపిల్లాడి పేరు పెట్టారని ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకు తనే చెప్పింది, 2004లో, జాకెట్టు కొలతకు వెళ్ళినప్పుడు. కథల్లో చోటు దొరకని మనుషుల గురించి నేను ఎం.ఏ.కి వ్యాసం రాస్తున్నానని అమ్మ ఆమెతో అన్నదట.

"నోట్లో మాట లేదు గానీ చేతిలో రాత ఉందంట కదమ్మా నీకు," అని నవ్వి, టేపు మెళ్ళో వేసుకుని అంతా చెప్పింది. "రాయి. నాలాంటోళ్ళని సినిమాల్లో నవ్వుకోడానికే పెడతారు. కుట్టుపని చేసుకుని, ప్రార్థనకెళ్ళి బతికేవాళ్ళూ ఉన్నారని రాయి. పేరు మాత్రం వద్దు. ఆ చాప మీద చోటు పోతే నాకింకేం లేదమ్మా."

పేరు మార్చాను. ఊరు మార్చాను. తొడుగులు మాత్రం ఉంచేశాను, ఆ వాక్యాలు బాగా కుదిరాయని.

రాజమండ్రి సెమినార్‌లో చదివితే మెచ్చుకున్నారు. ఒక మాస్టారు పత్రికకు పంపుతానంటే సరేనన్నాను. సువార్తమ్మను అడగలేదు. శనివారం జిల్లా పేజీలో పడింది. మా సంఘపెద్ద యెహెజ్కేలు గారు చదివారు. తొడుగుల సంగతి రాగానే ఆయన చూపు తన బైబిలు మీద పడి ఉండాలి.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే చాపలు పరిచింది. ఆడవాళ్ళెవరూ కూర్చోలేదు.

"అమ్మా, మీరు ఇటు కూర్చోకూడదండి," అన్నారు యెహెజ్కేలు గారు, నేలచూపులు చూస్తూ.

"మరెటు కూర్చోమంటారండి?"

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో, "ఇటొద్దండి బాబూ, మాకు సిగ్గు!" అన్నారు. నవ్వులు. పాపాయమ్మ గారు తన బైబిలు తొడుగు ఊడదీసి చాప మీద పెట్టారు. తర్వాత ఇంకొకరు. మా అమ్మ కూడా. నేను అక్కడే ఉన్నాను.

సువార్తమ్మ ఆ తొడుగులన్నీ ఏరి పమిటలో వేసుకుని వెళ్ళిపోయింది.

పది రోజులకు పత్రికవాళ్ళు నాకొక ఉత్తరం పంపారు. కాకినాడ నుంచి సంపూర్ణమ్మ అనే ఆమె రాసింది: "నాలాంటి మనిషి ఒకామె గౌరవంగా బతుకుతోందని చదివి, మూడు రోజుల తర్వాత అన్నం తిన్నాను. ఆమెను ఒక్కసారి చూపిస్తారా?"

తీసుకెళ్ళి ఇచ్చాను. సువార్తమ్మ రెండుసార్లు చదివింది.

"చూశావా, ఒకళ్ళకి అన్నం పెట్టావ్," అంది. ఉత్తరం మడుస్తూ, "నన్నో మాట అడిగుంటే బాగుండేదమ్మా," అంది.

ఇప్పుడు కాకినాడలో వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. సంపూర్ణమ్మకు ఆమె జాకెట్లు కుట్టడం నేర్పుతోంది. ఆదివారాలు కూడా మిషను తొక్కుతుంది.