లామినేషన్ చేయించిన ఉత్తరం

లెక్చరర్ అంటే చేతిలో సుద్దముక్క ఉంటుందని నమ్మిన రోజులవి. ఇరవై మూడేళ్ల వయసులో కడపలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరితే, ఆ వేసవిలో నా చేతికిచ్చింది కవర్ల కట్ట. మే నెలంతా స్టాఫ్ రూములో కూర్చుని (ఉన్న ఒక్క ఫ్యానూ ప్రిన్సిపాల్ కుర్చీ వైపే తిరిగేది) పదో తరగతి పిల్లల చిరునామాలు రాయడమే పని. లోపల ఉత్తరం అచ్చుదే, పేరు మాత్రం మేం చేత్తో నింపాలి. 'మీ బిడ్డను మా ప్రత్యేక బ్యాచ్‌కు ఎంపిక చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము' అని ఉండేది. ఎంపిక ఎలా చేశామంటే, లిస్టులో ఎవరి పేరుంటే వాళ్లను చేశాం. పొరపాటున ఎనిమిదో తరగతి లిస్టు కలిసిపోతే వాళ్లనూ చేశాం. ముందుచూపున్న తల్లిదండ్రులు మెచ్చుకుంటారని ప్రిన్సిపాల్ ఆ కవర్లను కూడా పోస్టు చేయించాడు.

కవర్లు వెళ్లిన ఇళ్లకు వెనకే మేమూ వెళ్లాలి. మనిషికి పది అడ్మిషన్లు తేవాలి. ఈ విద్య నాకు నేర్పింది కెమిస్ట్రీ చెప్పే ఒక పెద్దాయన. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టడు కాబట్టి అందరం ఆయన్ను నీళ్ల సారు అనేవాళ్లం. "ఇనప్పా, ఎవురింట్లోనూ తినొద్దు. టీ తాగితే నోరు మెత్తబడతాది. వాళ్లింట్లో తిన్యావంటే ఇంగ అబద్ధం రాదు, మనోళ్లకుండే జబ్బది. నీళ్లు చాలు అను, సంతకం పెట్టించుకో, లేసి వచ్చెయ్" అని చెప్పాడు. నేను బుద్ధిగా అలాగే చేసి, కడుపు మాడ్చుకుని, తొమ్మిది తెచ్చాను. పదోది దొరకలేదు. "రేపు సాయంత్రానికి పది కావాల. తొమ్మిదైతే ఈడికి రావద్దు" అన్నాడు ప్రిన్సిపాల్. అప్పటికే మా అమ్మ కొడుకు లెక్చరరని చెప్పి రెండు సంబంధాలు చూసి పెట్టింది. ఆ ఉద్యోగం పోతే ఆమెకు ముఖం ఎలా చూపించాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఏమీ తినకుండా మైదుకూరు బస్సెక్కాను. అక్కడ ట్రాక్టర్లకు వెల్డింగ్ చేసే ఒక సాయిబు గారి అమ్మాయికి పదిలో మంచి మార్కులు వచ్చాయి. ఆ ఇల్లే నా ఆఖరి ఆశ. తీరా వీధి మొదట్లో ఇంకో కాలేజీ ఆయన బండి ఆపుకుని, ఫోన్లో అదే ఇంటికి దారి అడుగుతున్నాడు. నేను ఫైలు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో దుకాణం దాటి, వెనకున్న ఇంట్లోకి దూరాను. (లెక్చరర్లు అలా దూరకూడదని తర్వాత తెలిసింది.)

ఊరంతా వెల్డింగ్ మామ అని పిలిచే ఆ సాయిబు ఎదురొచ్చి చాప పరిచాడు. నేను ఫైలు తెరవబోతూ గోడ వైపు చూశాను. క్యాలెండరు పక్కన, లామినేషన్ చేయించి, మేకుకు తగిలించిన మా కాలేజీ ఉత్తరం ఉంది. ఖాళీలో ఆ పాప పేరు నా చేతిరాతలో ఉంది. ఇంతలో ఆయన భార్య బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టింది. నోట్లో నీళ్లూరుతున్నా నేర్చుకున్న పాఠం మర్చిపోకుండా, "వద్దమ్మా, నీళ్లు చాలు" అన్నాను.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెల్డింగ్ మామ నెమ్మదిగా, "మా ఇంట్లో తినకూడదా సార్?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నీళ్ల సారు నాకు నేర్పలేదు. పళ్లెం దగ్గరికి లాక్కుని తిన్నాను. సిగ్గుతో మొదలుపెట్టి ఆకలితో ముగించాను. రెండో వాయి బజ్జీలు కూడా అయ్యాక, ఆయన ఫారం మీద సంతకం పెట్టడానికి పెన్ను తీసుకుని, "ఒక మాట సార్. ఎంత మందిలో మా పాపను ఎంపిక చేసినారు?" అని అడిగాడు. పాప తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. వేలమందిలో అని చెప్పాలి, అదే మాకు నేర్పిన జవాబు. నోరు తెరిచాను గానీ ఆ అబద్ధం రాలేదు. కాగితానికీ పెన్నుకూ మధ్య జానెడు దూరం ఉంది, నా ఉద్యోగం ఆ జానెడులో ఉంది.

"ఎంపిక ఏమీ లేదు మామా. లిస్టులో ఉండే అందరికీ రాసినాం. ఆ పేరు రాసింది నేనే" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి, "దుకాణానికి వచ్చినోళ్లందరికీ సూపించినా సార్" అన్నాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడే గుమ్మంలోకి ఆ రెండో కాలేజీ ఆయన వచ్చాడు, వెల్డింగ్ మామ భార్య అలవాటుగా ఇంకో పళ్లెం తేబోయింది. పళ్లెం చూడగానే ఆయనకు ఏదో అర్జెంటు పని గుర్తొచ్చి బండెక్కాడు. పాప ఉత్తరాన్ని మేకు నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని, "అయితే నేను యాడ చదవాల సార్?" అని అడిగింది.

ఊళ్లోని గవర్నమెంటు కాలేజీలోనే చేరమన్నాను. ఫిజిక్స్ ఆదివారాలు వచ్చి నేను చెప్తానన్నాను. ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఊడింది కాబట్టి ఆదివారాలే కాదు, మిగిలిన రోజులూ ఖాళీ అయ్యాయి. సంబంధాలు రెండూ వెనక్కి పోయాయి, మా అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పాప మాత్రం లామినేషన్ ఉత్తరాన్ని తిరగేసి, దాని మీద ఫిజిక్స్ సూత్రాలు రాసిన కాగితం అంటించుకుని, రెండేళ్లు చదివింది. ఇప్పుడు డోన్‌లో రైల్వే ఇంజినీరు.

నేనూ తర్వాత గవర్నమెంటు బళ్లో టీచరునై కర్నూలులో స్థిరపడ్డాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇప్పటినుంచే ఉత్తరాలు వస్తున్నాయి, ఫోన్లు వస్తున్నాయి, అన్ని కాలేజీలూ దాన్ని ఎంపిక చేశాయి. మా ఆవిడ అవన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఇప్పుడే సీటు పట్టుకోకపోతే పిల్ల బతుకేమవుతుందోనని నన్ను నిలబడనివ్వడం లేదు. నాకూ భయంగానే ఉంది. అచ్చు ఉత్తరమని తెలిసినా, అమ్మాయి పేరు చూడగానే ఒక్క క్షణం ఛాతీ ఉబ్బుతోంది. మొన్న ఆదివారం అందులో ఒక కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కొత్తగా చేరిన లెక్చరరట. ముఖం ఎండకు వాడిపోయి ఉంది. పాపం, ఎన్ని అడ్మిషన్లు తక్కువున్నాయో. మా ఆవిడ ఉగ్గాని తెచ్చి పెట్టింది. ఆ పిల్ల పళ్లెం వైపు చూసి, గుటక మింగి, "నీళ్లు చాలు సార్" అంది.

నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. పళ్లెం ఆమె ముందుకు జరిపాను.

"మా ఇంట్లో తినకూడదామ్మా?" అన్నాను.