బిరియానీ చేతులకు తగిన స్క్రూ

కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో నేను చేసిన ఉద్యోగం గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకు చిరాకు. తెలుగువాళ్లు ముందు ఏ టెక్నాలజీ అని అడుగుతారు. స్క్రూలు అంటే నవ్వుతారు. చిప్‌లు తయారుచేసే యంత్రాలకు మూతలుంటాయి. ఆ మూతల్ని స్పానర్ లేకుండా వేళ్లతోనే విప్పి బిగించడానికి థంబ్ స్క్రూలు ఉంటాయి. ఏ మూతకు ఏ స్క్రూ పెట్టాలో ఎంచేది నేను. తల ఎంత వెడల్పుండాలి, అంచు ఎంత గరుకుగా ఉండాలి, విప్పినప్పుడు కింద పడిపోకుండా మూతకే వేలాడుతుందా లేదా అని చూస్తూ ఒక్క స్క్రూకి వారం పట్టించిన సందర్భాలున్నాయి. ఇంత చదువూ చదివి మరలు ఏరుతున్నావా అని మా పెదనాన్న ఫోన్‌లో అడిగితే నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ విద్య ఆదివారాలు కూడా పనికొస్తుందని అనుకోలేదు. 2009లో ఫ్రీమాంట్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత చర్చి లేదు. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకునేవాళ్లం. పొద్దున తొమ్మిదికి తలుపు తీసేవారు, మధ్యాహ్నం రెండింటికల్లా మా సామాను ఒక్కటి కూడా మిగలకుండా ఖాళీ చేయాలి. అంతకుముందు మూడేళ్లు సంఘ పెద్ద ఒకాయన ఇంటి గరాజ్‌లో ఆరాధన జరిగేది. డ్రమ్స్ మోత భరించలేక పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు కాబట్టి మళ్లీ అక్కడికి వెళ్లే దారి లేదు. హాలు పోతే సంఘం రోడ్డున పడ్డట్టే.

హాల్లో అసలు తలనొప్పి స్టేజి ముందు నిలబెట్టే పెద్ద ఫ్రేము. రెండు పక్కలా అల్యూమినియం స్తంభాలు, పైన అడ్డకమ్మీ, దానికి లైట్లూ బ్యానరూ. ప్రతి వారం కూర్చాలి, ప్రతి వారం విప్పాలి. బోల్టులు ఇరవై నాలుగు, వాటిని తిప్పే ఎలెన్ కీ ఒక్కటే. ఒక ఆదివారం అది కనిపించకుండా పోయింది. అందరం గంటసేపు వెతికితే పెరుగుచట్నీ గిన్నె కింద దొరికింది. మేము బయటపడేసరికి రెండూ ఇరవై అయింది. తాళాలు పట్టుకుని నిలబడ్డ హాలు కాపలాదారు వాచీ చూసుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

వచ్చే వారానికి థంబ్ స్క్రూలు తెస్తానని లేచి నిలబడి చెప్పాను. పాస్టరు గారు ఎంత సంతోషించారంటే, తెచ్చిన రోజు ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అచ్చం మా ఆఫీసులో వాడేవాటిలాంటివే కొన్నాను. చిన్న గుండ్రటి స్టీలు తలలు, అంచున సన్నటి గీతలు, ముక్కుపుడకల్లా ముద్దుగా ఉన్నాయి. పావుగంటలో ఫ్రేము నిలబడింది. ఆ రోజు పాటల్లో నా గొంతు కొంచెం గట్టిగానే వినిపించి ఉంటుంది.

నేను మరిచిపోయింది ఒకటే. మా ఆఫీసులో స్క్రూ ముట్టుకునేవాళ్లు గ్లవ్స్ వేసుకుంటారు. మా సంఘంలో స్క్రూ విప్పేవాళ్లు ఆరాధన అయ్యాక అందరికీ పెట్టే ప్రేమ విందులో అప్పుడే మటన్ బిరియానీ తిని లేస్తారు. హాలుకి ఉన్నది ఒకే సింకు, దాని ముందు ముప్పై మంది. క్యూలో నిలబడే ఓపిక లేనివాళ్లు టిష్యూతో తుడుచుకుని సాయానికి వచ్చారు. నెయ్యి వేళ్లు జారాయి కానీ స్క్రూలు తిరగలేదు. పైగా మావాళ్లకో అలవాటుంది. ఫ్రేము పక్కనుంచి వెళ్లే మగవాళ్లెవరూ ఊరికే వెళ్లరు, చేతికందిన స్క్రూని ఇంకో అరచుట్టు బిగించి మరీ వెళతారు. పొద్దుట్నుంచీ పదిమంది బిగించినదాన్ని ఒక్కరు విప్పాలి. ఆ రోజు రెండూ పది అయింది. సోమవారం స్కూలు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే హాలు ఇవ్వరు.

నాకు ఏడుపొచ్చింది. ఆ వారమంతా వంటింట్లో వేళ్లకు నెయ్యి రాసుకుని రకరకాల స్క్రూలు తిప్పి చూశాను. చివరికి మూడు రెక్కల ప్లాస్టిక్ తలలున్నవి నెగ్గాయి. గ్యాస్ పొయ్యి నాబ్ అంతేసి ఉన్నాయి, చూడ్డానికి అసహ్యం, కానీ ఎంత జిడ్డు చేతికైనా పట్టు దొరుకుతుంది. ఆదివారం అందరినీ నిలబెట్టి చెప్పాను, వేళ్లతోనే బిగించాలి, ఆగిన చోట ఆపేయాలి, దారిన పోయేవాళ్లు దయచేసి ముట్టుకోకూడదు. అందరూ తలూపారు. గరాజ్ ఇచ్చిన పెద్దాయన కూడా ఊపారు. ఆ అంకుల్ వారమంతా డేటాబేస్‌లు చూసుకునే మనిషే గానీ, ఆదివారం జేబులో కటింగ్ ప్లేయర్ లేకుండా గుమ్మం దాటరు.

విందు తర్వాత పది నిమిషాల్లో ఇరవై మూడు స్క్రూలు ఊడొచ్చాయి. అడ్డకమ్మీని ఎడమ స్తంభానికి పట్టి ఉంచే ఇరవై నాలుగోది మాత్రం కదల్లేదు.

"అది నేనే టైట్ చేశానమ్మా, ప్లేయర్‌తో," అన్నారు అంకుల్ మెల్లగా.

ఆయనే నిచ్చెన ఎక్కి అదే ప్లేయర్‌తో పట్టి తిప్పారు. ప్లాస్టిక్ తల విరిగి చేతికొచ్చింది, స్క్రూ లోపలే ఉండిపోయింది. రెండింటికి ఎనిమిది నిమిషాలుంది. పాస్టరు గారు కోటు విప్పి, ఉన్నదున్నట్టు ఎత్తండి అన్నారు. ఉరికంబంలా మిగిలిన ఆ స్తంభాన్నీ కమ్మీనీ పన్నెండు మంది భుజాల మీద మోస్తూ, తలుపు దగ్గర అటూ ఇటూ తిప్పుతూ, వెనకాల ఆంటీలు బిరియానీ గిన్నెలతో నడుస్తుండగా, రెండు నిమిషాల ముందే బయటపడ్డాం. కాపలాదారు మమ్మల్నీ వాచీనీ మార్చి మార్చి చూసి, ఏమీ రాయకుండా తాళం వేశాడు.

హాలు దక్కింది, నా కోపం మాత్రం దిగలేదు. పార్కింగ్ లాట్‌లో అందరి ముందే అంకుల్‌ని కడిగేశాను. ఒక్క మాట వింటే మీ సొమ్మేం పోయేదని కూడా అన్నాను. పెద్దవాళ్లతో అంతలా మాట్లాడటం నాకదే మొదలు.

ఆయన ప్లేయర్ జేబులో పెట్టుకుని చెప్పారు. "గరాజ్‌లో ఉన్నప్పుడు స్పీకర్ స్టాండ్ ఒకసారి పడిపోయిందమ్మా. దాన్ని బిగించింది నేనే, చేత్తో. మా మనవరాలికి జానెడు దూరంలో పడింది. ఇక్కడ ఆ కమ్మీ కిందే కదా పిల్లలందరూ కూర్చునేది."

ఎంత బిగిస్తే చాలో లెక్కుంటుందని, నా ఉద్యోగమే అదని చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "నీకు తెలుసమ్మా, నాకు తెలీదు కదా," అన్నారాయన.

లోపల ఇరుక్కున్న ముక్కని వారంలో పీకించి కొత్త స్క్రూ పెట్టాను. తర్వాతి ఆదివారం అంకుల్ ప్లేయర్ కారులోనే వదిలేసి వచ్చానని నాకు చెప్పి మరీ నిచ్చెన ఎక్కారు. పైనున్నవన్నీ వేళ్లతో బిగించి, "చాలామ్మా?" అని అడిగారు. చాలంకుల్ అన్నాను. కమ్మీని మూడుసార్లు ఊపి చూశారు. దిగొచ్చి, పిల్లల్ని పక్కకు జరిపి, సరిగ్గా దాని కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ప్రసంగం జరిగిన ముప్పావుగంటా తల పైకెత్తి, రెప్ప వేయకుండా అలాగే చూస్తూ ఉండిపోయారు. పాస్టరు గారి మనసు కరిగిపోయింది. ఆకాశం వైపు అంత ఆశగా చూస్తూ వాక్యం విన్న మనిషిని తన సేవలో ఎన్నడూ చూడలేదని అందరి ముందూ చెప్పారు. నేనైతే ఆ రోజు వాక్యం ఒక్క ముక్క వినలేదు. లెక్కలన్నీ తెలిసి కూడా, ఆ కమ్మీ ఆయన మీద పడకూడదని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.