కాగితం మీద చిల్లులు

మా వారు తుపాకీ కొంటానన్న రోజున నేను నవ్వాను. "లెక్కల మేష్టారికి తుపాకీ ఎందుకండీ? ఎక్కాలు రానివాళ్ళని కాలుస్తారా?" అన్నాను. మామూలుగా అయితే ఆయనా ఓ మాట అంటించేవారు. ఆ రోజు అనలేదు. "కోళ్ళని నక్కలు ఎత్తుకుపోతున్నాయని నువ్వేగా గోల పెడుతున్నావు" అని, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

అది పందొమ్మిది వందల ముప్పైల్లో మాట. తాడేపల్లిగూడెంలో రైలు కట్టకు అవతల, ఊరి చివర, అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మాకు పిల్లలు కలగలేదు. కుటుంబం అంటే ఆయన, నేను, నా కోళ్ళు. పెళ్ళికి ముందు ఆయన మొదటి పెద్ద యుద్ధానికి వెళ్ళివచ్చారు. పటాలంలో గురి చూసి కొట్టడంలో తనకు సాటి లేరని పేరట. కాపరానికి వచ్చిన కొత్తలో ఆ కథ నాకు ఎన్నిసార్లు వినిపించారో చెప్పలేను. ఆ పేరు మీదే హైస్కూల్లో లెక్కలతో పాటు డ్రిల్లు కూడా ఆయనకే ఇచ్చారు. ఆ ఏడు వేసవి సెలవులు కాగానే డ్రిల్లు తీసేసి, కొత్తగా వచ్చిన కుర్రమేష్టారికి అప్పజెప్పారు. ఎందుకని ఈయన అడగలేదు. ఇంటికొచ్చి సంగతి చెప్పి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను ఆ పూట. ఆయన కనిపెట్టకుండా తినేశారు. అప్పటినుంచి ఇంట్లో మనిషి ఉన్నా లేనట్టే ఉండేది.

అందుకని తుపాకీ మాట రెండోసారి ఎత్తినప్పుడు నేను వేళాకోళం చెయ్యలేదు. ఏదో ఒకదాని మీద మనసు పడింది, అదే చాలనుకున్నాను.

ముందు లైసెన్సు కావాలి. దానికి అర్జీ, దాని మీద విచారణ. విచారణకు వచ్చిన ఉద్యోగి మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, "తవరు కాక ఇంట్లో ఇంకెవరైనా పేలుస్తారాండీ?" అని అడిగాడు. "మా ఆవిడ" అన్నారు ఈయన. ఆ ఉద్యోగి గ్లాసు కింద పెట్టి నా వంక చూసిన చూపు నాకింకా గుర్తే. "ఆయ్, పేలుస్తానండీ" అన్నాను. ఆయన ఇంట్లో లేనప్పుడు నక్క వస్తే నేనేం చెయ్యాలి మరి?

వానలు వెనకపట్టాక ఇద్దరం రైలెక్కి ఏలూరు వెళ్ళాం. కాలవ గట్టు దగ్గర తుపాకులమ్మే కొట్టు. కొట్టాయన మెత్తటి మనిషి, ప్రతి మాటకీ రెండు అండీలు తగిలించేవాడు. మా వారికి కావలసింది ఏమిటో ఆయన ముందే నిర్ణయించుకుని వచ్చారు. చిన్న తూటాది, ఇరవై రెండు నంబరుది కావాలి. గురి సాధన చెయ్యడానికి తూటాలు చవగ్గా రావాలి. పేలితే భుజాన్ని తన్నకూడదు. నేను ఎత్తగలిగేంత బరువే ఉండాలి. జీతం రాళ్ళకు అందాలి.

కొట్టాయన మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి గాలి తుపాకీ. "దీంతో పిచ్చికలు కూడా చావవు" అని మా వారు పక్కకు నెట్టేశారు. రెండోది ఒకేసారి చాలా తూటాలు పట్టేది, నిగనిగలాడుతోంది. దాని ధర విని నేను కొంగు సర్దుకున్నాను. మూడోది ఎవరో దొర వాడి అమ్మేసినది. ఒక్కొక్క తూటానే పెట్టి పేల్చాలి. కొయ్య మీద గీతలున్నాయి కానీ గొట్టం లోపల శుభ్రంగా ఉంది. "ఇంట్లో ఆడవాళ్ళు పట్టుకునేదానికి ఇదే మంచిది. తూటా తీసేశామంటే కర్రముక్కతో సమానం" అన్నారు మా వారు. నా చేతికిచ్చి భుజానికి ఆనించి చూడమన్నారు. రోకలి కన్నా తేలిగ్గా ఉంది. అదే మాట అన్నాను. చాలా రోజులకు ఆయన పళ్ళు కనబడ్డాయి.

తరవాత ఆయన తీసుకుని, ఎడమ కన్ను మూసి, కుడికంటితో వీధిలోకి గురిపెట్టారు. చాలాసేపు అలాగే ఉన్నారు. "సైటు దివ్యంగా ఉంది" అన్నారు.

ఆయన బల్ల మీద పెట్టాక నేను ఊరికే గొట్టం పొడుగునా వేలు పోనిచ్చాను. కొసన, ఆయన సైటన్నది, గురి కుదుర్చుకోవడానికి ఇనప మొటిమలాంటిది ఉండాలి కదా, మిగతా రెండింటికీ ఉంది. దీనికి లేదు. ఊడిపోయిన చోట గాడి మాత్రం ఉంది. తలెత్తితే కొట్టాయన నన్నే చూస్తున్నాడు. నేను చూశానని అతనికి తెలిసింది, అతనికి తెలిసిందని నాకు తెలిసింది. "మేష్టారికి నచ్చింది గదండీ. కాస్త నూనె పట్టించి, చిన్నా చితకా పనేదన్నా ఉంటే చేయించి ఇస్తానండీ, సాయంత్రానికి" అన్నాడు, నేలచూపులు చూస్తూ. ఎదటి మనిషిని చిన్నబుచ్చకూడదన్న మర్యాద మా వైపు ఎక్కువ. ఆ మర్యాద అంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మంట.

తిరుగు రైల్లో చెబుదామనుకున్నాను. ఆయన తుపాకీని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, యుద్ధం కథ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. నలభై దాటినవాళ్ళకు చత్వారం రావడం మామూలే, మెల్లిగా కళ్ళజోడు పెట్టిస్తే సరిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వారం తరవాత ఆ ముక్కే అన్నాను కూడా. "గురి చూసేవాడికి కళ్ళజోడా!" అని కంచం ముందునుంచి లేచిపోయారు. మళ్ళీ అనలేదు.

శనివారం ఒంటిపూట బడి. భోజనాలయ్యాక ఊరి బయట కంకర తవ్వి వదిలేసిన గోతి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. గట్టుకు చెక్క ఆనించి, దాని మీద ఆయన చేత్తో వలయాలు గీసిన కాగితం అంటించేవారు. పది తూటాలు పేల్చేవారు. నేను వెళ్ళి కాగితం చూసి, చిల్లులు లెక్కపెట్టి, పెన్సిలుతో రాసుకుని తేవాలి.

మొదటి శనివారం వెళ్ళి చూస్తే ఒకే ఒక్క చిల్లు, అదీ కాగితం మూల. వెనక్కి తిరిగి చూశాను. ఆయన తుపాకీ ఆనుకుని నిలబడి ఉన్నారు, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా. నా చేతిలో పెన్సిలు ఉంది. నా వీపు ఆయనవైపు ఉంది. నడిమి వలయం చుట్టూ పొడిచాను, ఏడు చిల్లులు. "ఎనిమిదండీ!" అని అక్కణ్ణించే కేకేశాను. ఆయన ఇంటికెళ్ళేదాకా పక్కన నడుస్తూ ఈల వేశారు. ఆ రాగం కోసం ప్రతి శనివారం పొడిచాను. ఒక వారం ఏడు, ఒక వారం తొమ్మిది, అనుమానం రాకుండా ఒకసారి అయిదే. అబద్ధం ఇంత ఒద్దికగా ఆడగలనని నాకే తెలియదు. నక్క మాత్రం ఓసారి నా చేతిలోనే చచ్చింది. ఆ ఘనత కూడా ఆయన ఖాతాలోనే వేశాను.

చలికాలంలో మా పుట్టింటికి, గుండుగొలను వైపు, కోత చూడ్డానికి వెళ్ళాం. మా తమ్ముడు తాటిదోనెలో ఇద్దరినీ కొల్లేట్లోకి తీసుకెళ్ళాడు. నీటి మీద పరజ బాతులు గుంపులు గుంపులు. "కొట్టండి బావగారూ, మీ గురి గురించి అక్క తెగ చెబుతుంది" అన్నాడు. ఆయన తుపాకీ ఎత్తారు. చూశారు. దించారు. "పాపం, పోనీలెద్దూ" అన్నారు. దోనె దిగి గట్టెక్కేటప్పుడు కుడిపక్క ఉన్న గుంజకు ఆయన భుజం కొట్టుకుంది. గుంజ నిటారుగా, మనిషెత్తున ఉంది.

తమ్ముడు ముందు నడుస్తుంటే, ఆయన ఆగి మెల్లిగా అడిగారు. "మొన్నటి కాగితం మీద నిజంగా ఎనిమిది పడ్డాయా?"

"నా మాట మీద నమ్మకం లేదా మీకు?" అన్నాను, రోషంగా.

"అది కాదులే. నువ్వు చెబితే నిజమే" అన్నారు. ఎంతో తేలికపడ్డ మనిషిలా ఊపిరి వదిలారు. ఆ ఊపిరి నేను విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో ఎడమ కంట్లో పోటు మొదలైంది. దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయన్నారు. నల్లబల్ల మీద తాను రాసిన అంకెలు తనకే ఆనడం లేదని అప్పుడు చెప్పారు. ఏలూరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను రెప్పల మీద వేళ్ళు ఆనించి నొక్కి చూశాడు, అద్దం పెట్టి చూశాడు, మళ్ళీ నొక్కి చూశాడు. నీటికాసులు, కంట్లో నీటి ఒత్తిడి పెరిగే జబ్బన్నాడు. కుడికన్ను ఏనాడో పోయిందట. ఎడమది పోతోంది, ఆపడం తన చేతుల్లో లేదన్నాడు. "ఏడాది ముందు వచ్చుంటే ఈ ఒక్కటన్నా దక్కేదండీ. ఇన్నాళ్ళూ మీకు అనుమానమే రాలేదా?" అన్నాడు.

"వచ్చిందండీ" అన్నారు మా వారు. "బడిలో తెలిస్తే ఉద్యోగం పోతుందని బయటపడలేదు. నేను తుపాకీ కొన్నది అందుకేనండీ. ఒక కన్ను మూసి చూడాలి గదా, కుడికంట చూపు ఉన్నదీ లేనిదీ తేలిపోతుందనుకున్నాను. నా కంటికి అంతా మసగ్గానే ఉండేది. కానీ కాగితం మీద గురి తప్పలేదండీ. సరే, కన్ను బాగానే ఉంది, మసకంతా నా భయమే అనుకున్నాను. మా ఆవిడే దగ్గరికెళ్ళి చూసి చెప్పేది."

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

రైల్లో ఎదురు బల్ల ఖాళీగా ఉంది. దెందులూరు దాటాక చెప్పేశాను. కొట్లో వేలికి తగిలిన గాడి దగ్గరినుంచి, పెన్సిలు దాకా, ఏదీ దాచలేదు. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, చేతకాలేదు. ఆయన కిటికీవైపు మొహం పెట్టి విన్నారు.

"ఇంతకీ నిజంగా ఎన్ని పడేవి?" అన్నారు చివరికి.

"ఒకటి. కొన్ని వారాలు అదీ లేదండీ."

ఆయన తల ఊపారు. తరవాత చెయ్యి చాచి, బల్ల మీద తడిమి, నా చెయ్యి పట్టుకున్నారు. గూడెం వచ్చేదాకా వదల్లేదు. క్షమించి పట్టుకున్నారో, స్టేషన్లో దిగడానికి దారి కావాలని పట్టుకున్నారో, ఆయన బతికిన పదకొండేళ్ళలో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.