కొండ మీద మీ ఇల్లెక్కడ?

మా చంద్రరావు గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదురుపడిన ప్రతివాడికీ కొండ మీద ఇల్లు చూపిస్తారు. రెడ్డిరాజుల కాలంలో మా ఊరు కొండ మీదే ఉండేదట. ఇప్పుడక్కడ ఉన్నవి ఓ విరిగిన కోటగోడ, పూడిపోయిన బావి, బోలెడన్ని కుండపెంకులు, మేకలు. ఆ మేకల మధ్య నిలబడి, సోషల్ మాస్టారుగా రిటైరైన ఈ పెద్దమనిషి మన వంటిల్లు ఏ మూలన ఉండేదో చెబుతారు.

ఆయన పనిచేసిన బళ్ళోనే నేను లెక్కలు చెప్పేవాణ్ణి. జ్వరమొచ్చి సెలవు పెట్టినా వదిలేవారు కాదు. "మీ ఇల్లు ఉత్తరపు గోడ పక్కన కదండీ, ఆ గాలి మీ వంశానికి మొదట్నించీ పడదు" అనేవారు.

ఆయన్ని మెప్పిస్తే ఇల్లు కోటగుమ్మం దగ్గరికి జరిగేది. ఎదురు చెబితే కొండ అంచుకి పోయేది. సర్పంచి పల్లంరాజు గారు పనసపొట్టు కూర పంపి బావి పక్క స్థలం కొట్టేశారు. కిరాణా కొట్టు గణేష్‌బాబు తగువుకొచ్చాడు.

"నిన్నటిదాకా అక్కడ మేమున్నాం కదండీ మాస్టారూ."

"మీరు ముందే కిందికి దిగిపోయారయ్యా. నిన్ననే తెలిసింది."

"నేనిచ్చిన బియ్యంలో రాళ్ళొచ్చాయనా అండి?"

"చరిత్రలోకి బియ్యం తీసుకురాకు."

ఈ చరిత్రలో ఆయన చెప్పని ముక్క ఒకటుంది. చర్చి పక్క పేటలోవాళ్ళ తాతముత్తాతలు రాళ్ళు మోసి ఆ గోడ కట్టారు. కట్టాక వాళ్ళని మళ్ళీ కొండెక్కనివ్వలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఓ ఆదివారం పేటలో ఉండే అంగన్‌వాడీ ఆయా సంపూర్ణమ్మ ప్రార్థన నుంచి వస్తూ నవ్వుతూ అడిగేసింది.

"మా ఇల్లెక్కడండీ మాస్టారూ?"

అరుగు మీదున్నవాళ్ళంతా నేలచూపులు చూశారు. మాస్టారు మాత్రం తడుముకోలేదు.

"అందరికంటే పైన. పడమటి వాకిలి. గుమ్మంలో కూర్చుంటే గోదారి కనిపిస్తుంది."

అది అప్పటిదాకా ఆయన సొంత ఇల్లు. పనసపొట్టు కూరకి కూడా ఎవరికీ ఇవ్వలేదు.

ఇంతలో రాజమండ్రి లేఅవుట్లకి గ్రావెల్ కావాల్సొచ్చి, ఓ కాంట్రాక్టరు మా కొండ మీద కన్నేశాడు. గ్రామసభ పెట్టారు. చేతులెత్తితే చాలు, కొండ పోతుంది. మాస్టారు ముందు వరసలో ధీమాగా కూర్చున్నారు, ఊరంతటికీ అక్కడ ఇళ్ళున్నాయి కదా. పల్లంరాజు గారే మొదట చెయ్యెత్తారు. వెనకాలే ఊరంతా ఎత్తింది.

"అక్కడ మీ ఇళ్ళున్నాయయ్యా" అన్నారు మాస్టారు.

"అవి సరదాకి అనుకున్నవి కదండీ" అన్నాడు గణేష్‌బాబు.

వెనక నుంచి సంపూర్ణమ్మ లేచింది. "మాకు సరదా కాదండి. మా ఇల్లు కొండ మీదుంది. తవ్వడానికి నేనొప్పుకోను. రాసుకోండి."

రాసుకున్నారు. తీర్మానం నెగ్గింది. ఇప్పుడు రోజూ లారీలు దిగుతున్నాయి. బావి పోయింది, గోడ పోయింది, పల్లంరాజు గారి వాకిలి ఏ విల్లా కిందో పరిచేసి ఉంటారు. ఈ ఊరంటే నాకు అసహ్యం పుట్టింది.

మొన్న సంపూర్ణమ్మ క్యారేజీ పట్టుకుని ఎదురైతే ఉండబట్టలేక అడిగాను.

"కొండ మీద ఇల్లంటే నిజంగా నమ్మావా అమ్మా?"

"భలేవారే. మా వాళ్ళని అక్కడ నీళ్ళు కూడా ముట్టుకోనిచ్చేవారు కాదని మా నాయనమ్మ చెప్పేదండి. మాస్టారికీ తెలుసు."

"మరి సభలో అలా అన్నావేం?"

"ఈ ఊళ్ళో మాకు పైన చోటిచ్చింది ఆయనొక్కరేనండి. నలుగురిలో ఆయన్ని అబద్ధాలకోరుని చెయ్యమంటారా?"

"ఆయన ఇల్లు మీకిచ్చేశారు. మరి ఆయనెక్కడున్నట్టు?"

"నేనూ అడిగానండి. మా ఇంట్లో అద్దెకుండేవారట."

నవ్వు ఆపుకుంటూ ఆవిడ క్యారేజీ చెయ్యి మార్చుకుంది.

"పొద్దున్నించీ అన్నం మానేసి లారీలకి అడ్డంగా కూర్చున్నారండి. అద్దెకున్నవాళ్ళు పస్తుంటే ఇంటివాళ్ళని కదండీ అంటారు" అని కొండ దారి పట్టింది.