నేను పెట్టని సంతకం

నిన్న పొద్దున మస్తాన్ మూడుసార్లు ఫోన్ చేశాడు.

రెండుసార్లు ఎత్తలేదు.

మస్తాన్ నా పొలం కౌలుకి చేస్తాడు. మళ్ళీ సంతకం గురించే అనుకున్నా.

మూడోసారి ఎత్తితే, "రామ్మోహన్ సారు పోయారండీ. ఎమ్మార్వో ఆఫీసు వరండాలో కూలబడిపోయారు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే..." అని ఏడ్చాడు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. రామ్మోహన్ నా కాలేజీ ఫ్రెండ్. ఢిల్లీలో పాలసీ రీసెర్చ్ ఉద్యోగం వదిలేసి వినుకొండ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు ఇష్టపడి చేసుకున్న ఒప్పందాన్ని భయం లేకుండా కాగితం మీద రాసుకోగలగాలి, మధ్యలో గవర్నమెంట్ అడ్డం రాకూడదు. ఇదే వాడి పోరాటం. కౌలు చట్టాల మీద ఇంగ్లీషులో పేపర్లు రాసేవాడు. అవే మిరప కల్లాల్లో కూర్చుని తెలుగులో చెప్పేవాడు.

ఎర్రజెండా వాళ్ళు వాణ్ణి భూస్వాముల ఏజెంట్ అన్నారు. భూములున్న మేమేమో నక్సలైట్ అన్నాం.

"ఒరేయ్, ముందు మీరూ వాళ్ళూ కూర్చుని నేనెవర్నో తేల్చండి" అని నవ్వేవాడు.

పోయినేడు మిరప నాట్లకి ముందు, టైప్ చేసిన కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కౌలు కార్డుకి ఓనర్ సంతకం కావాలి. కార్డు లేకపోతే పంట పోయినా మస్తాన్ పేరు ఎక్కడా ఉండదు.

మా ఆవిడ వేసిన పెసరట్టు తింటూ అరగంట వాదించాడు. "కార్డు పదకొండు నెలలేరా. నీ పొలం ఎక్కడికీ పోదు."

"చూద్దాంలే" అన్నా.

బలవంతం అంటే వాడికి పడదు. "సంతకం నీది. నీ ఇష్టం" అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఒక్కసారి కాలర్ పట్టుకుని ఉంటే పెట్టేవాణ్ణేమోరా!

కోతకొచ్చే టైంలో తుఫాను వానకి చేనంతా కుళ్ళిపోయింది. పరిహారం లిస్టులో నా పేరొచ్చింది. ఆ చేలో ఒక్క మొక్క కూడా నాటని నా పేరు.

సిగ్గు విడిచి చెప్తున్నా. స్వేచ్ఛ గురించి వాడు పెట్టిన ప్రతి పోస్టుకీ లైక్ కొట్టాను.

నిన్న వాడు ఆ వరండాలో నిలబడింది ఈ ఏటి కౌలు కార్డుకి మస్తాన్ పెట్టుకున్న అర్జీ కోసమే. నా సంతకం లేదని రెండుసార్లు వెనక్కొచ్చిన అర్జీ అది.

ఇవాళ శ్మశానం దగ్గర మస్తాన్‌ని పక్కకి పిలిచాను. "కాగితం ఇవ్వు, ఇప్పుడే సంతకం పెడతా" అన్నా.

"ఇంకెందుకులెండి. ఈ ఏడు చేను చెయ్యట్లేదండి. సారు ఉంటే ఇంకోసారి చూసేవాణ్ణి. ఎల్లుండి తాడేపల్లిలో అపార్ట్‌మెంట్ పనికి ఎళ్తన్నాం, నేనూ మా ఇంటిదీ."

కోపంగా కూడా అనలేదు.

ఏం చెయ్యాలో తెలియట్లేదు రామ్మోహన్. నన్ను తిట్టడానికి కూడా నువ్వు లేవు.

వెళ్ళిరా. నువ్వైనా ప్రశాంతంగా ఉండరా. నాకూ అది కావాలని అడిగే మొహం లేదు.