సిస్టరమ్మ అనని ‘ఎళ్ళొస్తాను’

మా వైపు గడప దాటుతూ ఎవరైనా ‘వెళ్తాను’ అన్నారో, అయిపోయారే! వెనక్కి పిలిచి, నిలబెట్టి, ‘ఎళ్ళొస్తాను’ అనిపించిగానీ వదలరు. ఉత్త ‘వెళ్తాను’ పాడె ఎక్కినవాళ్ళ మాటని మా అమ్మ నమ్మకం. ఆ నమ్మకమే ఆవిణ్ణి జన్మంతా ఏడిపించింది.

రాజాం దారిలో మిషను వాళ్ళ చిన్న ఆసుపత్రి ఉండేది. అమ్మ అందులో ఆయా. దాన్ని నడిపే ఫ్రాన్సు దేశపు కన్యస్త్రీని ఊరంతా సిస్టరమ్మ అనేది. అమ్మకు పెళ్ళి కాకముందే వచ్చిందట. ఆవిడ తెలుగు అచ్చం మాదే. “ఏటే గుంటా, తిన్నావేటి?” అని తెల్లమొహంతో అడుగుతుంటే కొత్త రోగులు జ్వరం మరిచిపోయి నవ్వేవారు.

సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉతికి ఆరేసిన బ్యాండేజీలు చుట్టేవారు. అది అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సంవత్సరం. నేను తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు వచ్చని తెగ మిడిసిపాటు. ఒకరోజు అరుగు దిగి వెళ్ళబోతూ “గుడ్ బై” అన్నాను. సిస్టరమ్మ జడ పట్టుకుని ఆపింది. ‘దేవుడు నీకు తోడుండాలి’ అనే వాక్యం నోళ్ళలో నలిగి నలిగి ఆ ముక్క మిగిలిందట. వాళ్ళ భాషలో అయితే ‘ఆద్యూ’. ‘ద్యూ’ అంటే దేవుడు. నిన్ను దేవుడికి అప్పగించానని అర్థం. స్పెయిన్‌లో ‘ఆదియోస్’, పోర్చుగీసులో ‘అదేవుష్’, ఇటలీలో ‘అద్దియో’. అన్నీ ఒక తల్లి పిల్లలే. మన ‘దేవ’ కూడా వాటికి దూరపు చుట్టమేనట.

వాళ్ళ కొండ ఊళ్ళలో దారిలో ఎదురుపడినా ఆద్యూ అనే పలకరిస్తారని, మిగతా దేశంలో మాత్రం అది ఇక కలవమని తెలిసినప్పుడు అనే మాటని చెప్పింది. మామూలుగా విడిపోయేటప్పుడు ‘మళ్ళీ చూసేదాకా’ అనే ఇంకో మాట ఉందట.

అమ్మ బ్యాండేజీ పక్కన పడేసింది. “అద్గదీ! మా ఎళ్ళొస్తాను అదే కదేటి. ఆ రెండోదే మంచిదమ్మా.”

తర్వాతి ఏడాదే సిస్టరమ్మకు చూపు మందగించింది. తిరిగి వచ్చేయమని వాళ్ళ దేశం నుంచి కబురొచ్చింది. విజయనగరం స్టేషనుకి అమ్మ చేగోడీల డబ్బాతో వచ్చింది. మద్రాసు బండి కిటికీ దగ్గర కూర్చుని సిస్టరమ్మ “ఎల్తానే” అంది.

అమ్మ ఉలిక్కిపడింది. “అదేటమ్మా! ఎళ్ళొస్తాను అనండి.”

“నేను రాలేనే. నీకెప్పుడైనా అబద్ధం సెప్పేనేటి?”

“ఊరికే అనండమ్మా. మాటే కదా, పోయేదేటి?”

సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. “నిన్ను దేవుడికి అప్పగిస్తన్నాను. ఆద్యూ.”

“నన్నెవులికీ అప్పగించక్కర్లేదు!” అమ్మ గొంతు విని పోర్టరు కూడా ఆగిపోయాడు. “ఇన్నేళ్ళు మా తెలుగు మాటాడేరు. ఆ ఒక్క ముక్కా రాలేదేటి మీకు?”

అని గిరుక్కున తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడవైపు నిలబడిపోయింది. సిస్టరమ్మ ఊచల్లోంచి చెయ్యి చాపింది. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను గానీ, ఆవిడ చూపు అమ్మ వీపు మీదే ఉంది. బండి కదిలింది. అమ్మ తిరగలేదు.

బస్సులో చాలాసేపు తిట్టింది. ఊరు దగ్గరపడ్డాక నెత్తి కొట్టుకుంది. “పాడు మొహాన్ని! సెయ్యైనా పట్టుకోలేదే.”

మరుసటి ఏడు సిస్టరమ్మ పోయిందని కొత్త సిస్టరు చెప్పింది. అప్పటినుంచి ఎవరిని సాగనంపినా, ఆ బండో బస్సో కనుమరుగయ్యేదాకా అమ్మ కదిలేది కాదు. ఎండైనా సరే, వానైనా సరే.

చాలా ఏళ్ళకి అమ్మను విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషను గదిలోకి తోసుకుపోతుంటే నేను ఆ చక్రాల మంచం పట్టుకుని నడుస్తూ, “అమ్మా, ఎళ్ళొస్తాను అనవే” అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఎల్తానే. నువ్వు మాత్రం మొహం తిప్పుకోకు.”