అత్తమ్మకు పోసిన ఉప్పు గంజి

పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం మా ఊరికి గత్తర వచ్చింది. ఇప్పటివాళ్లు కలరా అంటారు. నాకప్పుడు పదహారేళ్లు. కాపురానికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాటకు కోసెడు దూరంలో, రెండు మైళ్లు లోపలికి మా ఊరు. మాది గొర్లు కాసే ఇల్లు. మామా, నా పెనిమిటీ మందను తోలుకొని మిర్యాలగూడ దిక్కు మేతకు పోయారు. ఇంట్లో అత్తమ్మా నేనూ మిగిలాం.

అత్తమ్మంటే నాకు హడలు. ఆమె కొట్టేది కాదు, తిట్టేది కాదు. నేను తోమిన గిన్నెలను ఒక్క మాటైనా అనకుండా తీసుకుపోయి మళ్లీ తోముకునేది. అంతకన్నా తిట్టినా బాగుండేదనిపించేది.

వాగు పక్క ఇళ్లలో ముందు ఇద్దరు పోయారు. తెల్లారేసరికి ఇంకొకరు. జనం మూటలు కట్టుకొని ఊరి బయట చెలకల్లో గుడిసెలు వేసుకున్నారు. మేమూ పొద్దున్నే పోదామనుకున్నాం. ఆ పొద్దునే అత్తమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎండ ఎక్కేసరికి కళ్లు లోతుకు పోయాయి. చేతివేళ్లు రోజంతా నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. గొంతు కూడా పోయింది. పెదాలతోనే "నీళ్లు" అంది.

చెంబుతో వస్తుంటే గోడ అవతల నుంచి పక్కింటామె అరిచింది.

"నీళ్లియ్యకు పిల్లా. పోసినకొద్ది బయటికే పోతయ్. మనిషి దక్కదు."

మా అమ్మగారి ఊళ్లోనూ అదే మాట విన్నాను. అత్తమ్మ నా మొహం చూడడం లేదు, చెంబునే చూస్తోంది. చెంబు కింద పెట్టి గొర్రెల దొడ్డి వెనక్కి పోయి కూర్చున్నాను. నడిగూడెం పక్కనే మా అమ్మ ఉంటుంది, బాట నాకు తెలుసు, పొద్దుగూకేలోపు చేరతాను. లేచి పది అడుగులు వేశాను కూడా. ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

అక్కడే మంత్రసాని అవ్వ ఎదురైంది. పక్క వాడలో ఒకామెకు నెలలు నిండాయని ఆమె ఊరు విడిచి పోలేదు.

"ఏడికి?" అంది.

"భయమైతుందవ్వా."

"అయితది. నాకూ అయితుంది. మీ అత్త నీళ్లడిగిందా?"

"అడిగింది. ఇయ్యొద్దన్నరు."

అవ్వ నన్ను ఇంటి వైపు తిప్పింది. "ఎన్కట గత్తరొచ్చినప్పుడు నా బిడ్డకు నేనూ ఇయ్యలె. నీళ్లు, నీళ్లు అనుకుంటనే పోయింది. దానికన్న ఎక్కువ జబ్బు పడి గూడ, దొంగతనంగ కుండల నీళ్లు తాగినోళ్లు బతికిన్రు. నా కండ్లతోని సూసిన. పా, పొయ్యి ముట్టియ్యి."

నీళ్లు మసిలేదాకా తెర్లగాచి చల్లార్చమంది. బియ్యం గంజిలో నాచేత ఉప్పు కలిపించి, నాలుక మీద పెట్టుకొని చూపింది. "కన్నీళ్లంత ఉప్పుండాలె. అంతకు మించొద్దు." ఎంత పోసినా అత్తమ్మ కక్కేసింది. నేను ఆమె మొహం వైపే చూస్తూ ఆగిపోయాను.

"మొకం సూడకు," అంది అవ్వ. "గిన్నెను సూడు. ఒడిసినాక ఇంకో గిన్నె కాయి. గంతే నీ పని. బతుకుడు సచ్చుడు నీ పని కాదు."

ఆ మాటతో నా మీది బరువు సగం దిగింది. చెంచాడు పోయడం, కక్కితే తుడవడం, మళ్లీ చెంచాడు. ఏడుపొస్తే ఏడుస్తూనే పోశాను. పక్కింటామె గోడ మీదుగా చూస్తూ నిలబడింది. మరునాడు మధ్యాహ్నం అత్తమ్మకు మూత్రం వచ్చింది. అవ్వ, "ఒంట్ల నీళ్లు నిలిసినయ్," అని దండం పెట్టుకుంది. అంత సంతోషించాల్సిన సంగతని నాకప్పుడే తెలిసింది.

వారం గడిచాక సూర్యాపేట దవాఖాన నుంచి గత్తర రాకుండా సూదులేసేవాళ్లు ఇద్దరు బండిలో వచ్చారు. సూది వేస్తే ప్రాణం పోతుందని ఊళ్లో మిగిలిన జనం తలుపులు మూసుకున్నారు. గత్తర కన్నా నాకా సూదే ఎక్కువ భయం. అత్తమ్మ నా భుజం పట్టుకొని బండి దాకా నడిచింది, పక్కనున్న బండ మీద కూలబడింది.

"ముందు నా కోడలికి ఎయ్యుండ్రి," అంది వాళ్లతో. తర్వాత తలుపు సందుల్లో నిలబడ్డ ఆడవాళ్ల వైపు తిరిగింది. "మీరంత నీళ్లియ్యొద్దన్నరు. ఈ పిల్ల ఇచ్చింది, నేను బతికిన. ఇయ్యాల ఇది చెయ్యి సాపుతుంది. మీకేం పరేషాను?"

ఆమె నన్ను మెచ్చుకోగా వినడం అదే మొదలు. కళ్లు మూసుకొని చెయ్యి చాపాను. నా వెనక వరసలో నిలబడింది పక్కింటామె.

అయినా అందరూ దక్కలేదు. అవ్వా నేనూ ఉప్పు గంజి పట్టుకొని రోజూ ఇళ్లు తిరిగాం. ఒక పసిదాని దగ్గరికి చాలా ఆలస్యంగా పోయాం. దాని తల్లి పక్కన ఊరికే కూర్చొని వచ్చాం. మరునాడు లేవబుద్ధి కాలేదు. అవ్వ వచ్చి పిలిస్తే లేచాను.

తొలకరి పడ్డాక మంద తిరిగొచ్చింది. గత్తరకు మా ఊరు మొత్తం ఖాళీ అయిందని మావాళ్లకు మిర్యాలగూడలో ఎవరో చెప్పారట. అప్పుడు నేను పక్కింటామె ఇంట్లో ఉన్నాను, చెలక గుడిసెలో జబ్బుపడి వచ్చిన ఆమె పెనిమిటికి గంజి తాగిస్తూ. అతనప్పటికే లేచి కూర్చుంటున్నాడు. గోడ అవతల నా పెనిమిటి వగరుస్తూ తల్లిని అడగడం వినిపించింది.

"అమ్మా, నీ కోడలు ఏదే?"

"ఉన్నది. పక్కింట్ల పనుండి పోయింది, వస్తది," అంది అత్తమ్మ. "నువ్వు ముందుగాల కాళ్లు కడుక్కో."